రిజిస్టరులో తల్లి పేరు

1989 నవంబరు 6వ తేదీ, సోమవారం ఉదయం, శ్రీ వై. సిద్దయ్యగారు ప్రొద్దుటూరులో మన విద్యుత్ శాఖలో హెల్పర్‌గా విధుల్లో చేరారు. ఆనాడు వారి చేతిలో నియామక పత్రం, భుజాన గొర్రెబొచ్చు కంబళి మాత్రమే ఉన్నాయట. ఆ కంబళి చూసి ఆఫీసు గుమాస్తా, "ఈడ గొర్రెలు ల్యావప్పా, కరెంటు కంబాలుండాయి" అని నవ్వాడని సిద్దయ్యగారే ముచ్చటగా చెబుతుంటారు. ముప్పై అయిదేళ్ళ ఎనిమిది నెలల అవిచ్ఛిన్న సేవ అనంతరం, 2025 జూలై 31న జమ్మలమడుగులో వారు పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భాన, వారిని గురించి నాలుగు మాటలు రాసే బాధ్యత ఈ వ్యాసకర్తకు దక్కింది.

ప్రత్యేక సంచిక సంపాదకవర్గం వారు ఒక నమూనా పత్రం ఇచ్చారు. అందులో 'పొందిన పురస్కారాలు' అనే గడి ఉంది. సిద్దయ్యగారి సర్వీసు పుస్తకాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా తిరగేసినా ఆ గడిలో రాయదగినది ఒక్కటీ దొరకలేదు. దొరికింది 2016 నాటి మెమో ఒక్కటే. సన్మానం చేస్తూ మెమో సంగతి ఎత్తడమేమిటి, వదిలేయమని మిత్రులు సలహా ఇచ్చారు. వదిలేయడానికి వీలులేదు. అది వారికి రావలసిన మెమో కాదు. ఎవరికి రావలసిందో చెప్పకుండా వారికి శాలువా కప్పడం ఈ వ్యాసకర్తకు చేతకాదు.

వేంపల్లె సమీపాన గొర్రెల కాపరుల కుటుంబంలో, ఓబులమ్మగారి మూడవ సంతానంగా జన్మించిన సిద్దయ్యగారు, ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ సందుల్లో పద్నాలుగేళ్ళు స్తంభాలెక్కి దిగారు. 2003లో షిఫ్ట్ ఆపరేటర్‌గా పులివెందుల ప్రాంతంలోని ఒక సబ్‌స్టేషన్‌కు వచ్చారు. మన కుటుంబ సభ్యులు కూడా ఈ సంచిక చదువుతారు కనుక ఆ ఉద్యోగం ఏమిటో ఒక్క మాట చెప్పాలి. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి ఆ లైనులో సరఫరా ఆపించుకుంటాడు. దానినే మనం ఎల్.సి., అంటే లైన్ క్లియర్, అంటాం. పని ముగించి, కిందికి దిగి, ఎల్.సి. వాపసు ఇచ్చిన తరువాతే ఆపరేటర్ మళ్ళీ సరఫరా ఇవ్వాలి. ఈ రెండు ఫోన్ల మధ్య పైనున్న మనిషి ప్రాణం ఆపరేటర్ చేతిలో ఉంటుంది.

సిద్దయ్యగారు ఆ రిజిస్టరులో లైన్‌మన్ పేరు పక్కన అతని తల్లి పేరు కూడా రాసుకుని, ఎల్.సి. వాపసు ఇచ్చేటప్పుడు అడిగి సరిచూసుకునేవారు. అందుకు గడి లేదు, నిబంధన లేదు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఇదేమిటని గద్దించారు కూడా. "మందలో అన్నీ ఒగే తీరుగుంటాయి సార్. యా తల్లి పిల్లనో చూస్చేనే గుర్తు దొరికేది" అని సిద్దయ్యగారి సమాధానం. కుర్రకారు లైన్‌మన్లు మాత్రం "ఏంది మామా, రేషన్ కార్డు రాస్తాండావా?" అని ఆటపట్టించేవారు. వారితో చేరి నవ్వినవారిలో ఈ వ్యాసకర్త కూడా ఉన్నాడు. అప్పటికి అతడు కాంట్రాక్టు పద్ధతిపై చేరి ఏడాదైనా నిండని ఆపరేటర్. తెలివితేటలకు లోటు లేదని గట్టి నమ్మకం.

2016లో ఆ ఊరి రథోత్సవం రోజున ఉదయం షిఫ్టు ఈ వ్యాసకర్తది. రథం పోయే వీధిలో తీగలు అడ్డం కనుక, లైన్‌మన్ నాగేంద్ర ఎల్.సి. తీసుకున్నాడు. మధ్యాహ్నం అదే ఫీడరుపై, అంటే అదే సరఫరా లైనుపై, ఊరి బయట చీనీ (బత్తాయి) తోటలో తెగిన తీగ సరిచేయడానికి మరొక ఎల్.సి. తీసుకున్నవాడి పేరూ నాగేంద్రే. మన సెక్షన్‌లో ఆ పేరుగలవారు ఇద్దరు. మేళతాళాల హోరులో ఫోను సరిగా వినబడలేదు. రెండు గంటలకు షిఫ్టు అప్పగిస్తూ రిజిస్టరు చూసుకుంటే, ఒకే ఫీడరు, ఒకే పేరు రెండు వరుసల్లో కనిపించాయి. పొరపాటున రెండుసార్లు రాశాననుకుని ఇతడు రెండో వరుసను అడ్డంగా కొట్టివేశాడు. "ఒగటే ఎల్.సి. ఉండాది మామా" అని సిద్దయ్యగారికి అప్పజెప్పి తిరునాళ్ళు చూడడానికి వెళ్ళిపోయాడు.

నాలుగు గంటలకు రథం నిలయం చేరింది. నాగేంద్ర ఫోను చేశాడు. "దిగినాం మామా, లైను ఇయ్యి."

"మీ యమ్మ పేరేందప్పా?"

"అయ్యో, ఈ తిరునాళ్ళలో మాయమ్మ యాల మామా? నాగేంద్రమ్మ!"

సిద్దయ్యగారు సరఫరా ఇచ్చే బ్రేకరు దగ్గరికి నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి రిజిస్టరు చూశారు. కొట్టివేసిన గీత కింద ఇంకొక నాగేంద్ర ఉన్నాడు. ఈ వ్యాసకర్త రాసిన ఆ వరుసల్లో దేని పక్కనా తల్లి పేరు లేదు; దిగినవాడు నాగేంద్రమ్మ కొడుకని తెలిసింది గాని, రెండోవాడి సంగతి తేలలేదు. ఆ రెండో నాగేంద్రకు ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. వారు హెల్పర్‌ను మోటారు సైకిల్‌పై ఊరి బయటికి తరిమి, బ్రేకరు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఎంతసేపటికీ మైకులు మోగలేదు, నీళ్ళ మోటార్లు తిరగలేదు. ఉత్సవ కమిటీ పెద్ద ప్రతాప్‌గారు పదిమందితో సబ్‌స్టేషన్‌కు వచ్చారు. పిలవకపోయినా ఈ వ్యాసకర్త కూడా వారి వెంట వచ్చాడు.

"ఏమప్పా సిద్దయ్యా, దేవుని పనికే అడ్డం పడతాండావు?"

"చీకట్లో ఉన్నా దేవునికేం కాదు సామీ. పైనుండేటోని సంగతే నాకు తెలవాల."

"పైన ఎవురుండారు? పుస్తకంలో ల్యాదంట గదా!"

"పుస్తకంలో ల్యాడు. కంబం మీద ఉంటాడేమోనని."

ఆ మాట విన్నప్పుడు గాని ఈ వ్యాసకర్తకు తాను గీసిన గీత గుర్తుకు రాలేదు. యాభై నిమిషాలు గడిచాక ఫోను మోగింది. చొక్కా విప్పి బండికి తగిలించి, అందులోనే ఫోను మరిచి, రెండో నాగేంద్ర హెల్పర్ వెళ్ళి పిలిచేదాకా తీగల మధ్యే ఉన్నాడు; దిగాక చేసిన ఫోను అది. సిద్దయ్యగారు అతన్నీ అదే ప్రశ్న అడిగారు. "చిన్నసుబ్బమ్మ, మామా" అన్నాడతడు. అప్పుడు గాని ఊరికి కరెంటు రాలేదు.

మర్నాడు విచారణ జరిగింది. రెండో ఎల్.సి. రిజిస్టరులో ఎందుకు కొట్టివేసి ఉందని ప్రశ్న. "రిజిస్టరు నిర్వహణలో లోపము జరిగిన మాట వాస్తవము" అని సిద్దయ్యగారు రాసిచ్చారు. లోపం ఎవరిదో రాయలేదు. రాసి ఉంటే కాంట్రాక్టు ఆపరేటర్ ఆ సాయంత్రమే ఇంటికి పోయి ఉండేవాడు. ఫలితంగా వారికి మెమో, జమ్మలమడుగుకు బదిలీ. అప్పుడు వారి కుమార్తె హాసిని ఇడుపులపాయలో చదువుతోంది. ఆదివారం ఆదివారం బిడ్డను చూసి వచ్చే తండ్రికి ఆ దారి దూరమైంది. సహధర్మచారిణి సుమతిగారు సామాను సర్దారు. బస్సెక్కించడానికి వెళ్ళిన ఈ వ్యాసకర్త ఏడ్చాడు. నిజం ఎందుకు చెప్పలేదని అడిగితే, "గొర్రె దొరికింది గదప్పా. ఇంక కాపర్ని కొట్టి ఏం జేస్తారు?" అన్నారు. ఆ తరువాత తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా ఆ ప్రస్తావన తేలేదు.

ఆనాడు రథం తాడు పట్టినవారి పేర్లు, అన్నదానం చేసినవారి పేర్లు మైకులో చదివారు. చదవవలసినవే. దేవుని దృష్టిలో ఎవరు గొప్పవారో తేల్చే అధికారం మన శాఖకూ లేదు, ఐదు పూటలా నమాజు చేసే ఈ వ్యాసకర్తకూ లేదు. ఒకరి ప్రాణం కాపాడి, మరొకరి తప్పు తన మీద వేసుకుని, ఆ రెండూ ఎవరికీ చెప్పని మనిషిని దేవుడు చూడకుండా ఉంటాడని మాత్రం ఇతడు నమ్మడు. కొడుకు ఆ సాయంత్రం ఎలా ఇంటికి వచ్చాడో చిన్నసుబ్బమ్మగారికి ఈనాటికీ తెలియదు. ఈ సంచిక ఎవరైనా ఆమెకు చదివి వినిపించాలని మనవి.

రెండో వరుస కొట్టివేసిన చెయ్యి ఇప్పుడు ఈ వ్యాసం రాస్తున్న చెయ్యే. అధికారులు ఇందుపై తీసుకునే చర్య ఏదైనా శిరోధార్యం. ఆ మెమోను సిద్దయ్యగారి సర్వీసు పుస్తకం నుంచి తీసి, చెందవలసిన పుస్తకంలో చేర్చవలసిందిగా ప్రార్థన. ఓబులమ్మగారి కుమారుడు శ్రీ సిద్దయ్యగారు సతీసమేతంగా, ఆయురారోగ్యాలతో, ఫోను మోగినా ఉలిక్కిపడనవసరం లేని సుఖనిద్రతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటూ,

నూర్ అహ్మద్, షిఫ్ట్ ఆపరేటర్.
తల్లి పేరు: ఆసియా.