లైన్‌మన్ తెచ్చిన సంచి

(2003. కనగానపల్లి పక్కన ఒక పల్లె. కరెంటు స్తంభం మీద ప్రేమ్ కుమార్ చనిపోయి ఇంకా నెల కాలేదు. పొద్దున పూట, అతని చెల్లెలు ప్రేమలత ఇంటికి లైన్‌మన్ గోవిందప్ప చేతిలో ఒక సంచితో వచ్చాడు.)

"ఆ దినం మీ ఇంట్లోళ్ళకే నష్టం అనుకుంటే ఎట్ల పాపా? నాకూ పోయినాయి. నడుముకు కట్టుకునే బెల్టు పోయింది. నిచ్చెన ఎవడో ఎత్తుకపోయినాడు. ఆఫీసులో వాటికి నేనే జవాబు చెప్పుకోవల్ల."

"మా అన్న పోయినాడు సారూ."

"అదే గదా నేనూ చెప్తాండేది. పోయినాడు. ఎవురు కాదన్నారు? వానితో పాటు నా సామాను గూడా పోయింది అంటాండా."

"అన్న టూల్స్ సంచి గూడా ఆ పొద్దే పోయింది. స్తంభం కింద పెట్టి ఎక్కినాడంట. వాన్ని దించేటప్పటికి సంచి లేదు."

"దాంట్లో ఏముండెలే. మొండి కటింగ్ ప్లేయరు, తుప్పు పట్టిన స్క్రూడ్రైవరు. ఎత్తుకపోయినోడే పారేసింటాడు."

"వాటితోనే గదా సారూ మీ లైనంతా నడిచింది."

"నోరు బాగుండాది నీకు. ఇంటికొచ్చినోన్ని కూర్చోమని గూడా అనవు."

"కూర్చోండి. అమ్మ లోపల పండుకోనుండాది, మెల్లగా మాట్లాడండి."

"కొండమ్మ ఇంగా లేయలేదా? ఎన్నాళ్ళని ఏడుస్తాది? చెప్పల్ల నువ్వు."

"ఆదరణ కూటానికి ఊరంతా వచ్చిరి. సారు రాలేదా అని అమ్మ అడిగింది."

"ఆ పొద్దు ధర్మవరంలో మీటింగు. అయినా మీ పాస్టరు ప్రార్థనల్లో నేనొచ్చి ఏం చేయల్ల? సరే, ఆ మాట ఇడ్సిపెట్టు. హిందూపురంలో ఎలక్ట్రీషియన్ ట్రైనింగుకు చేరినావంటనే?"

"చేరినా. సోమవారం నుంచి ప్రాక్టికల్స్. ఎవురి టూల్స్ వాళ్ళే తెచ్చుకోవల్ల. లేనోళ్ళను వర్క్‌షాపు లోపలికి రానియ్యరంట."

"ఏమేం చేర్చుకున్నావు?"

"టెస్టరు ఉండాది. సుత్తి ఇంట్లోదే. సైకిల్ షాపు ఉలిగప్ప ఒక స్క్రూడ్రైవరు ఇచ్చినాడు. కటింగ్ ప్లేయరే లేదు."

"చింతపండు కొట్టే సుత్తి, సైకిళ్ళు బిగించే స్క్రూడ్రైవరు! దాన్ని కిట్టు అంటారా? నిన్ను చూసి నవ్వుతారు ఆడ. అయినా ఆడపిల్లకు ఈ పనేంది? ధర్మవరంలో పట్టు మగ్గాలుండాయి, నీడపట్టున కూర్చుంటే పని. నువ్వు చుడీదారు ఏసుకోని స్తంభం ఎక్కుతాంటే ఊరంతా కింద నిలబడి చూస్తాది."

"కింద నిలబడి చూసేది మీకు అలవాటే గదా సారూ."

"ఏమంటివి?"

"ఏం లేదు. నీళ్ళు తాగుతారా?"

"వద్దు వద్దు. ఇప్పుడే తాగొచ్చినా."

"అవునులే. మా ఇంట్లో మీరెప్పుడు తాగినారు."

"అవన్నీ ఎందుకు ఇప్పుడు? ఈ సంచి చూడు. నీకే తెచ్చినా."

"నాకా? ఏముండాది దీంట్లో?"

"టూల్ కిట్టు. తెరువు, కరవదు. ప్లేయరు, టెస్టరు, చిన్నవి పెద్దవి స్క్రూడ్రైవర్లు, ఇన్సులేషన్ టేపు. అన్నీ కొత్తవి. దీన్ని తీసుకపోతే ఆడ మాస్టరు గూడా నిన్ను లేసి పలకరిస్తాడు."

"ఈ ప్లేయరు పిడికి తొడుగు వదులుగుండాది. పట్టుకుంటే జారతాది."

"బిగించుకో. ఊరికే ఇస్తాంటే వంకలు పెడతాండావే."

"ఊరికే ఇస్తాండారా?"

"మరి?"

"అన్న మీ ఎంబడి తిరిగి స్తంభాలెక్కినన్ని దినాలు ఒక్క స్క్రూ గూడా ఇయ్యలేదు మీరు. వాడే ఒకటొకటి కూడబెట్టుకున్నాడు. పెనుకొండలో పాత ఇనుము అమ్మేటోని కాడ ఆ మొండి ప్లేయరు ఏరుకోనొచ్చి, సైకిల్ ట్యూబు చుట్టి వాడుకున్నాడు. ఇప్పుడు టెస్టరొకటే మిగిలింది. ఆస్పత్రిలో చొక్కా కవర్లో పెట్టిచ్చినారు. దాని జోబులో ఉండె."

"వెలుగుతాదా?"

"వెలుగుతాది."

"గట్టిదే. సరే, దాన్ని గుర్తుకు దాచుకో. పనికి ఇది వాడుకో."

"మీకేం కావల్ల సారూ?"

"నాకేం కావల్ల? మనిషి పోయిన ఇల్లు, ఏదో సాయం చేద్దామని... అయినా అడిగినావు గాబట్టి చెప్తాండా. ఊరోళ్ళు నన్ను పీక్కతింటాండారు పాపా. మీ అన్న కట్టేదానికి ఎక్కిన ఆ తీగ తెగిన కాన్నుంచి ఆ పక్క బోర్లన్నీ నిలిచిపోయినాయి. పోతులయ్య మల్బరీ తోట ఎండుతాందని, పట్టుపురుగులకు ఆకు లేదని, తెల్లారక ముందే వచ్చి నా వాకిట్లో కూర్చుంటాండాడు."

"కట్టండి మరి."

"కట్టేది పెద్ద పనేం కాదు. ఎక్కేదే."

"ఎక్కండి."

"నేనా? ఈ వయసులోనా? నా మోకాళ్ళు చూసినావా?"

"అన్నను మొదటిసారి ఎక్కించినప్పుడు మీ మోకాళ్ళు బాగనే ఉండె."

"ఎగతాళి చేసేదానికి బాగుంటాది. పక్క ఊర్ల లైన్‌మన్లను పిలిస్తే ఒక్కడూ రాడు. మనిషి పోయిన స్తంభం మాకొద్దు, మా లైను మాకు చాలంటారు. అందుకే... నీ కాడికొచ్చినా."

"నా కాడికా?"

"నువ్వు మీ అన్నతో పాటు ఎక్కుతాంటివంట. పోతులయ్య చెప్పినాడు. ఆదివారం మధ్యాన్నాలు ఒట్టి స్తంభాల మీద వాడు నీకు నేర్పిస్తాండెనంట గదా? మంచిదే అయింది. నీకూ ప్రాక్టికల్ అవుతాది. పొద్దున్నే ఎక్కి దిగితే నలుగురికీ తెలీదు."

"ఆ స్తంభమేనా సారూ?"

"ఆ స్తంభమే."

"అందుకా ఈ సంచి!"

"తప్పేముండాది? సోమవారానికి నీకు టూల్స్ కావల్ల. నాకు లైను కావల్ల."

"ఆడపిల్ల, చుడీదారు అని ఇంతసేపు నువ్వే గదా అంటివి."

"ఏమ్మే, 'నువ్వు' అంటాండావు? ఇంతసేపు 'మీరు', 'మీరు' అంటివి."

"ఆ దినం ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజులు పీకినావా లేదా? ముందు అది చెప్పు."

"పీకినా. మూడూ నా చేత్తోనే పీకినా. పోలీసులకూ అదే చెప్పినా."

"పీకి యాడ పెట్టినావు?"

"ఆడనే. పెట్టె మీద."

"జోబులో ఏసుకోలేదా?"

"ఏం, అవి బంగారమా జోబులో ఏసుకోను? పెట్టె మీద పెట్టినా."

"పెట్టి?"

"టీ తాగను పోయినా. ఎండలో ఎంతసేపని కాపలా కాసేది? నీళ్ళు పారాల్సినోడు ఎవడో వచ్చి మళ్ళీ తగిలించినాడు. ఎవడో నాకేం తెలుసు? దానికి నేనేం చేయల్ల? అయినా వాడంతట వాడే ఎక్కినాడని మీ అమ్మే వేలిముద్ర ఏసింది. అయిపోయిన కత అది."

"వేలిముద్ర ఏయకపోతే శవాన్ని ఇయ్యరని నువ్వు చెప్తే ఏసింది."

"మెల్లగా మాట్లాడు, మీ అమ్మ లేస్తాది. ఈ తూరి జాగ్రత్తగా చూసుకుంటాలే. నా మాట నమ్ము."

"సరే. ఎక్కుతా."

"ఎక్కుతావా? అట్లుండల్ల! నాకు తెలుసు నువ్వు కాదనవని. మీవోడూ ఇంతే, ఒక్క మాట చెప్తే చాలు, ఎందుకు ఏమి అని అడిగేటోడు కాదు."

"ఒక పని చేయల్ల నువ్వు. ఆ తెగిన తీగ కొస కిందికి యాలాడతాంది గదా. నేను పైన ఉండేంత సేపు దాన్ని ఒట్టి చేత్తో పట్టుకోని నిలబడు."

"నేనా? ఎందుకు?"

"ఫ్యూజులు పీకేది నువ్వే గదా? తీగలో కరెంటే ఉండదు. పట్టుకుంటే ఏం?"

"పిచ్చి మాటలు! తీగ పట్టుకోని నిలబడేదానికి నేనేమన్నా కూలోన్నా?"

"చెప్పులిడ్సి నిలబడు."

"ఏం మాట్లాడతాండావు మ్మే? నడాన ఎవడన్నా వచ్చి ఫ్యూజు ఏస్తే?"

"ఏస్తే?"

"ఏస్తే... ఈ ఊరోళ్ళను నమ్మేకయితాదా?"

"ఏస్తే ఏమవుతాది గోవిందప్పా? చెప్పు."

"నాకు పెండ్లాం పిల్లోల్లు ఉండారు."

"ఉండారు. నీ సంచి తీసుకో."

"అట్ల కాదు, విను. సోమవారం ఉత్త చేతుల్తో పోతే నిన్ను వాకిలి కూడా దాటనియ్యరు. నేను మళ్ళీ అడగను."

"దాటనిచ్చేంత వరకు వాకిట్లోనే నిలబడతా. సంచి తీసుకో."

"ఎంత పొగరు! మీ నాయన ఏసురత్నం బతికినన్నాళ్ళు నా ముందర తలెత్తి మాట్లాడినోడు కాదు."

"అందుకే గదా ఆయన కొడుకును ఎక్కించినావు."

"ఇప్పుడు పోతులయ్యకు ఏం చెప్పల్ల నేను? వాకిట్లో కూర్చోనుండాడు. ఊరోళ్ళందరూ అడుగుతాండారు. ఏమని చెప్పల్ల?"

"జరిగింది చెప్పు. ప్రేమ్ కుమార్ సగం కట్టినాడు. మిగిలిన సగం ఇంగా ఎవురూ కట్టలేదు."