బిగుతు మేజోడు

మొరాకోలోని మెక్నెస్ ఊరి పాత బస్తీలో యామ్నా, హెన్నియా ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఇద్దరూ ఒకే మొగుడి పెళ్లాలు. ఆయన పోయాడు, వీళ్లు మిగిలారు. పెద్దామె యామ్నా కాలి నరంలో పోయినేడు నెత్తురు గడ్డకట్టింది. పొద్దున్నే చిన్నామె హెన్నియా నేల మీద కూర్చుని ఆ కాలికి బిగుతు మేజోడు ఎక్కిస్తోంది.

“మెల్లిగా లాగు. గొర్రె తోలు ఒలుస్తున్నావా?”

“గొర్రె ఇంత బరువుండదక్కా. మడమ తిన్నగా పెట్టు.”

“పెట్టే ఉంది. నీ చేతుల్లోనే పస లేదు. రొట్టెల పిండి పిసకమంటే పిల్లి తొక్కినట్టు తొక్కేదానివి.”

“ఆ రొట్టెలే తిన్నావుగా ఇన్నేళ్లూ.”

“ఆకలికి తిన్నాను. రుచికి కాదు.”

“నిన్న సాయంత్రం మళ్లీ ఉబ్బిందా?”

“ఉబ్బక? తడిసిన ఉన్ని మూటలా అయింది. పైగా ఆ పక్కింటి రహ్మా వచ్చి ‘పాపం, కాలెలా ఉంది?’ అంటుంది. నన్ను చూస్తే పక్కసందులోకి తప్పుకునే మనిషి. నేనెలా ఉన్నానని కాదు, కాలెలా ఉందిట. కాలినే అడగమన్నాను.”

“అందుకే ఎవరూ రావటం లేదు.”

“రాకపోతే పోనీ. కుర్చీలో కూర్చుని నమాజు చేస్తుంటే వింత చూసినట్టు చూస్తారు. దేవుడికి లేని పట్టింపు వీళ్లకెందుకు?”

“పళ్లు తోముకుంటే నెత్తురొచ్చిందా ఇవాళ?”

“వచ్చింది. ఆ మాత్ర నెత్తురు పల్చన చేస్తుందన్నారుగా, చేస్తోంది. నువ్వు నిన్న ఆకుకూర పిడికెడే పెట్టావు.”

“ఆకుకూర ఎక్కువైతే ఆ మాత్ర పనిచెయ్యదుట, ఎప్పుడూ ఒకే కొలత ఉండాలన్నాడు డాక్టరు.”

“ఆకుకూరకీ కొలతే. ఇదో బతుకు.”

“పిక్కలో పోటుందా? నిజం చెప్పు.”

“లేదు.”

“నొక్కుకుంటున్నావు. చూశాను.”

“నొక్కుకుంటాను. కాస్త చురుక్కుమంటే మళ్లీ గడ్డేననిపిస్తుంది. కాల్లోది కరిగిందిట, బుర్రలోది కరగలేదు. చాలా? ఇక నీ సంగతి చెప్పు. మీ అన్న కొడుకు కారు తెచ్చాడటగా.”

“కోట గుమ్మం దగ్గర ఆపాడు. ఈ సందులోకి రాదుగా.”

“మరి పో. టాంజియర్‌లో సముద్రం చూస్తూ కూర్చో. మీ అన్నకి వంటమనిషి కరువైనట్టుంది.”

“వంటకి కాదు. అక్కడ ఒక్కదానివే ఎందుకు, వచ్చేసెయ్ అన్నాడు.”

“ఒక్కదానివా? నేను గోడనా?”

“మా అన్న మాట చెప్పాను.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను. అక్క కాలికి మేజోడు ఎవరు తొడుగుతారన్నాను.”

“ఓహో, నా కాలు మీద పెట్టావా. నా కాలు ఎవరికీ సంకెల కాదు.”

“రహ్మా కూతురికి నేర్పి వెళ్దామని...”

“దాని చేతికా నా కాలు? కుక్కకి పడేసినా పడేస్తాను గానీ. పో, నిన్నెవరూ కట్టెయ్యలేదు.”

“ఉండమని ఒక్క మాట అనవు.”

“నిన్నా? నువ్వీ గడప తొక్కిన రోజే వద్దన్నాను. ఇప్పుడు ఉండమంటానా?”

“అనవు. సరే, పిక్క దాటింది, ఇంకొంచెం...”

“ఆపు. తీసెయ్యి.”

“నొప్పా?”

“నొప్పి కాదు. ఇది వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. నెలల కిందట, ఆలివ్‌ కాయలు కోసేటప్పుడే డాక్టరు చెప్పాడు, మాత్ర వేసుకుంటే చాలని. నీకు చెప్పలేదు.”

హెన్నియా తలెత్తి ఆమె మొహంలోకి చూసింది.

“ఏం, అట్లా చూస్తావేం? పొద్దున్నే ఎవరినో ఒకరిని తిట్టకపోతే నాకు తిన్నది అరగదు, అంతే. ఇప్పుడిక నీకు సాకు లేదు. మూట సర్దుకో, ఆ కుర్రాడు ఎండలో నిలబడి ఉంటాడు.”

“వాడిని ఇందాకే పంపేశాను.”

“పంపేశావా? మరి ఈ కాలు అక్కర్లేదని చెప్తుంటే...”

“తెలుసులే అక్కా. డాక్టరు ముందు చెప్పింది నాకే. కాలిటు పెట్టు.”