పప్పు ఉడకని బావి

సుంకులక్క అని ఒకామె ఉండేదంట. వంక గట్టున ఊరు, పేరు మనకెందుకులే, ఏదో ఒక ఊరు అనుకో. మొగుడు రాళ్ల గనిలో పోయినాక, బస్సు నిలబడే చోట రేకుల కొట్టం ఏసుకోని ఉగ్గాని, బజ్జీ అమ్ముకోని బతికేది. ఉగ్గాని సంగతి మీకు నేను చెప్పాల్నా, బొరుగులు నీళ్లల్లో తడిపి, గట్టిగా పిండి, తిరగవాతలో ఏసి కలిపేదే కదా. కానీ ఆ పిండేదాంట్లోనే ఉంది పనితనమంతా. నీళ్లు మిగిలితే ముద్దైపోతాది, మిగలకపోతే గొంతుకు పట్టుకుంటాది. ఆమెది బాగా కుదిరిన చెయ్యి. పొద్దున్నే కూలికి పోయే ఆడోళ్లు, బడి అయ్యవార్లు, లారీ డ్రైవర్లు అందరూ ఆడనే తినేవాళ్లంట. సెంటు భూమి లేదు ఆమెకి, అడిగేదానికి అన్నదమ్ములు లేరు. ఆ కొట్టం తెరిస్తే కూడు, మూస్తే లేదు.

ఏమైందంటే, ఆ యేడు తొలకరి వానలు పడినాక ఊర్లో వాంతులు, బేదులు పట్టుకున్నాయి. మొదట ఇద్దరు పిల్లోళ్లకి, తర్వాత ఒక ముసలాయనకి, తర్వాత వీధికి నలుగురు. ఆస్పత్రికి మోసుకపోతాండారు, సెలైన్ ఎక్కించుకోని తెచ్చుకుంటాండారు. ఊరన్నాక ఎవరో ఒకరి మింద చెయ్యి చూపాల కదా. ఎవరు నోరు తెరిచినారో తెలియదు గానీ, సుంకులక్క ఉగ్గాని తిన్నోళ్లకే వచ్చిందన్నారు. ఇంట్లో తిన్న ముసలాయనకి ఎట్ల వచ్చిందిరా నాయనా అని ఒక్కడన్నా అడిగినాడా, అడగలేదు. మొగుడు లేని ఆడమనిషి మింద చెయ్యి చూపితే ఎదురు చెప్పేవాడుండడు, అదీ సంగతి. నేనూ అట్లాంటి మాటలు పడినదాన్నే, నాకు తెలుసు.

అప్పుడు ఆరోగ్య శాఖ నుంచి శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చినాడంట, జిలానీ సారు అని. మంచోడే. కొట్టంలోకి వచ్చి చూసినాడు. చట్నీ గిన్నెకు మూత లేదు, ఈగలు వాలతాండాయి, తొట్లో నీళ్లు పైన తెరిచి ఉండాయి. ఇదంతా రాసుకున్నాడు. అబద్ధం రాసినాడా అంటే, లేదు, ఉండేదే రాసినాడు. జబ్బు యాడినుంచి వస్తాందో తేలేవరకు కొట్టం మూయాలని తలుపు మింద కాయితం అంటించినాడు. ఊరి బావి నీళ్లు కూడా పరీక్షకు పంపాల, సీసా తెచ్చినా అన్నాడు.

ఇంక చూడండి మనోళ్ల మర్యాద. సర్పంచి ముత్యాలప్ప సారును అరుగు మింద కూర్చోబెట్టినాడు, మజ్జిగ ఇచ్చినాడు. ఇంత ఎండలో నువ్వెందుకు సారూ, మా మనిషి తెస్తాడులే అని సీసా తీసి వాళ్ల జీతగాడు మద్దిలేటి చేతికిచ్చినాడు. ఆ ఊర్లో ఒక పద్ధతుంది. బావి నీళ్లు ఉప్పగా, చవ్వగా ఉంటాయని, ఊర్లోవాళ్లు తాగుతారు గానీ బయటోళ్లకు పోయరు. అల్లుడొచ్చినా, ఆఫీసరొచ్చినా, వంక ఇసకలో చెలమ తోడి, ఆ తియ్యటి నీళ్లు ఊరబెట్టి తెచ్చిస్తారు. మద్దిలేటికి అది తాతలనాటి నుంచి వచ్చిన అలవాటు. సర్కారు సీసా, పట్నం పోయే సీసా, దాంట్లో ఉప్పునీళ్లు పోస్తే ఊరి మానం ఏం కావాలని, వంకెంబడి పైకి మైలు దూరం నడిచిపోయి చెలమ నీళ్లు తెల్లగా తేరిందాక కాసుకోని కూర్చోని పట్టుకొచ్చినాడంట. మోసం చేద్దామని కాదు. మోసం చేసేవాడు మైలు నడుస్తాడా, చెప్పండి. సారు మూత బిగించి, చీటీ అంటించి, బావి నీళ్లని రాసుకోని పోయినాడు.

వారం దాటినాక కాయితం వచ్చింది. నీళ్లల్లో దోషం లేదు. ఇంకేముంది, నీళ్లు మంచివంటే తిండి చెడ్డది, తిండి చెడ్డదంటే సుంకులక్క. అప్పటిదాకా గొణిగినోళ్లు ఇప్పుడు మొగం మిందనే అన్నారు. బిందె పట్టుకోని బావికాడికి పోతే పక్కకు జరిగినారు. ఇంట్లో బొరుగుల మూట మెత్తబడిపోతాంది, అమ్మేదానికి లేదు. దాన్నే తడుపుకోని మూడు పూట్లా తిన్నాదంట. తింటా తింటా ఆమె ఏం ఆలోచించిందంటే, నేనూ ఇదే తింటాండా కదా, నాకెందుకు రాలేదు. కొట్టం మూసిన దినం ఒక పూట నాకూ కడుపు కదిలింది, ఆపొద్దు ఏం తిన్నా, ఏమీ తినలేదే, ఉత్త నీళ్లు తాగి పడుకున్నా. ఇట్ల ఒక్కొక్కటే పట్టుకోని లాగింది. లాగి లాగి, నేనే పోయి అడుగుతా, ఆ కాయితంలో ఏం రాసినారో చదివించుకుంటా అని పొద్దున్నే బస్సెక్కింది.

ఆఫీసులో జిలానీ సారు కూర్చోమన్నాడు. ఏమ్మా, కొట్టం తెరవమని వచ్చినావా, నా చేతిలో లేదమ్మా అన్నాడు. తెరవమని రాలేదు సారూ, ఆ కాయితం నాకు చదివి చెప్పు, ఒక్క అక్షరం వదలకుండా చెప్పు అనిందంట. ఆయనకూ విచిత్రంగానే ఉండాది, ఎవరూ అట్ల అడగరు కదా. చదివినాడు. క్రిములు లేవు. బురద లేదు. ఉప్పదనం బాగా తక్కువ, నీళ్లు తియ్యనివి. ఆమె ఆపమనింది. మళ్లీ చదవమనింది. ఆయన మళ్లీ చదివినాడు. అప్పుడు నవ్విందంట సుంకులక్క, ఇరవై దినాలకు మొదటి నవ్వు.

"సారూ, మా బావి నీళ్లల్లో కందిపప్పు ఉడకదు. పొద్దున పొయ్యి మింద పెడితే సందకాలకు కూడా పలుకు పలుకుగానే ఉంటాది. ఆ ఊరికి కోడలుగా వచ్చిన ప్రతి ఆడది మొదటి దినమే అత్త చేత తిట్లు తినేది ఆ పప్పు కోసమే. నీ కాయితంలో నీళ్లు తియ్యగా ఉండాయంట. నువ్వు ఏ బావిలో చేద ఏసినావు?"

సారు కాయితం బల్ల మింద పెట్టినాడంట. తర్వాత, "నేను ఏయలేదమ్మా" అన్నాడు. చూడండి, ఆ ఒక్క మాట చెప్పినాడు గాబట్టే మంచోడని ముందే అన్నా. నీ చేత్తో తోడాల్సిన నీళ్లు ఇంకొకడితో తెప్పించుకోని, మజ్జిగ తాగుతా కూర్చుంటే అది తనిఖీనా? జీతమిచ్చేది దేనికి? తప్పు తప్పే. కానీ ఒప్పుకున్నాడు.

మర్నాడే వచ్చినాడు. ఈసారి అరుగు ఎక్కలేదు. తనే చేద ఏసినాడు, తనే తోడినాడు, తనే నింపుకున్నాడు. మద్దిలేటిని అడిగితే వాడు దాపరికం లేకుండా, మంచి నీళ్లే తెచ్చినా గదా సారూ అన్నాడంట సంబరంగా. పరీక్ష చేస్తే బావి నీళ్ల నిండా క్రిములు. బ్లీచింగు ఏసినారు, కాంచిన నీళ్లే తాగమని ఇంటింటికీ చెప్పినారు. అయితే దోషం బావిలోకి యాడినుంచి వస్తాంది? సారు బావి చుట్టూ తిరిగినాడు, సుంకులక్క వెనకాలే తిరిగింది. బావికి ఇరవై అడుగుల్లో ముత్యాలప్ప ఇంటి దొడ్డి గోడ. దాని వెనక కొత్తగా కట్టిన మరుగుదొడ్డి. అయ్యా, ముత్యాలప్ప దాని గురించి అందరికీ గొప్పగా చెప్పుకునేవాడంట, నా గుంత ఎన్నేండ్లయినా నిండదు, అంతా ఇంకిపోతాది అని. ఇంకిపోయేది యాడికి పోతాందని ఆయన అడగలేదు, విన్నోడూ అడగలేదు.

సారు పచ్చరంగు పొడి తెచ్చి ఆ గుంతలో కలిపినాడు. ఇది బావిలో తేలితే దోవ తెలిసినట్లే, కాసుకోండి అన్నాడు. ఇంక ఊరికి పనుల్లేవు. పొద్దున్నే ఒకడు తొంగి చూస్తాడు, మధ్యాన్నం పదిమంది. పచ్చగా ఉందంటాడు ఒకడు, అది నీ కంట్లో పచ్చకామెర్లు అంటాడు ఇంకొకడు. ముత్యాలప్ప మొదటి దినం నవ్వినాడు, రెండో దినం నవ్వలేదు. మూడో దినం పొద్దున సుంకులక్క చేద ఏసి తోడి, బిందెలో పోయకుండా తెల్లటి పళ్లెంలో పోసి ఎండలో పెట్టింది. లేత చింతాకు రంగు. ఊరంతా మూగింది. పళ్లెం చూసినారు, ముత్యాలప్ప గోడ చూసినారు, మళ్లీ పళ్లెం చూసినారు.

గుంత పూడ్పించినారు, ఊరికి దూరంగా వేరేది తవ్వించినారు. సారు కొట్టం తలుపు మింద కాయితం పీకేసినాడు. పీకేసి, అమ్మా, నీ చట్నీ గిన్నెకు మాత్రం మూత ఉండాల్సిందే, అది నీ తప్పే అన్నాడు. సుంకులక్కకు ఒళ్లు మండింది గానీ మూత కొన్నది. చట్నీలోకి, బొరుగులు తడిపేదానికి కాంచిన నీళ్లే పెట్టుకుంది. అంతా అయిపోయిందనుకుంటాండారా? కాలేదు. కొట్టం తెరిచినా ఎవరూ రాలేదు. పచ్చనీళ్లు కండ్లతో చూసినోళ్లే, ఎందుకులే అని దోవ మార్చుకోని పోయినారు. నింద వేసేదానికి ఒక పూట చాలు, దింపుకునేదానికి ఎన్ని దినాలు కావాలో నాకైతే లెక్క తెలియదు.

కొట్టం తెరిచిన మూడో దినం ఎవరొచ్చినారంటే, ముత్యాలప్ప పెండ్లాం అంకాలమ్మ. ఊరంతా చూస్తాండగా నడిచొచ్చి బల్ల మింద కూర్చుంది. నాకొక ప్లేటు పెట్టు అనింది. సుంకులక్క కుండలో నీళ్లు పోసి పొయ్యి మింద పెట్టింది. అప్పుడు అంకాలమ్మ అడిగిందంట.

"సుంకులా, నా మింద నీకు కోపముందా?"

"ఉంది. ఎందుకుండదు? కూర్చో, నీళ్లు కాగనీ."

కాగిందాక కూర్చుంది అంకాలమ్మ, తిని, ఇంకో బజ్జీ ఏయమనింది. ఆమె తింటాంటే దోవన పోయేవాళ్లు ఒకరిద్దరు నిలబడినారు, తర్వాత కూర్చున్నారు. కథ అంతే. చాలామంది అంటారు, పెద్దింటి ఆడమనిషి వచ్చి తిన్నాది గాబట్టి సుంకులక్క బతికిపోయిందని. నేను ఒప్పుకోను. కోపం లేదక్కా, అదేం మాట అని పండ్లికిలించింటే ఆ సుంకులక్క కథ నేను మీకు చెప్పేదాన్ని కాదు. ఉందని చెప్పి కూడా పెట్టింది చూడు, దానికోసం చెప్పినా.