నాన్న మంచం, తమ్ముడి కార్డు

హలో… ఆ, నేనే. … అక్కనేరా, నా ఫోను ఇంకెవరెత్తుతారు?

అమ్మయ్య, గుర్తొచ్చామన్నమాట. పొద్దున్నుంచి నీకు చేసీ చేసీ నా వేలు అరిగిపోయింది. … సైలెంట్‌లో ఉందా? … నిన్న కూడా సైలెంటేనా? … సర్లే. ఉండు, వార్డులో ఉన్నా, బయటికొస్తున్నా. నాన్న వింటాడు.

ఆ, ఇప్పుడు చెప్పు.

… బిల్లా?

… ఏ బిల్లురా?

… ఒరేయ్. మొన్న రాత్రి ఆయన బాత్రూంలో కాలుజారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఇవాళ సాయంత్రం ఆపరేషన్. అంతా నీకు మెసేజ్ పెట్టాను. నువ్వు రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నావు. ఇప్పుడు ఫోన్ చేసి బిల్లు కట్టేశావా అంటున్నావు!

… అడిగావా? ఎప్పుడడిగావు? "అక్కా, హాస్పిటల్ బిల్లు కట్టేశావా" — అందులో నాన్నెక్కడున్నాడురా?

… కట్టలేదు. ఇంకా కట్టలేదు. కట్టబోతున్నా. … వద్దా? ఎందుకు?

… కార్డా.

… ఇంకా ఆ కార్డేనా! … తెలుసు, క్రెడిట్ కార్డే, కానీ మెటల్‌ది. నల్లది. అందరికీ ఇవ్వరు. వాళ్ళే పిలిచి ఇస్తారు. ఎన్నిసార్లు చెప్పావురా నాయనా, నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను. … వాళ్ళే పిలిచి ఇచ్చేదానికి నువ్వెందుకురా నాలుక బయటపెట్టి పరిగెడుతున్నావు?

… ఆహా. అది రావాలంటే ఇప్పుడున్న కార్డు మీద ఏడాదికి ఇంత ఖర్చని చూపించాలి. … ఇవాళ్టితో ఏడాది అయిపోతుంది. … కొంచెం తక్కువైంది.

నాన్న తుంటితో ఆ కొంచెం నిండిపోతుందన్నమాట.

… తప్పుగా తీసుకోవడానికేముంది? నువ్వన్నదే నీకు తిరిగి చెబుతున్నా.

… అరవట్లేదు. నేనరిస్తే ఎలా ఉంటుందో నీకు తెలుసు. డ్రైవింగ్ స్కూల్లో రోజంతా, క్లచ్ తొక్కమంటే బ్రేక్ తొక్కేవాళ్ళ పక్కన కూర్చుని బతుకుతున్నదాన్ని. నాకున్న ఓపిక ఎవరికీ ఉండదు. అది కూడా నీ దగ్గర చాలట్లేదు, అంతే.

సరే, కార్డు సంగతి తర్వాత. ముందు నేను చెప్పేది విను. … లేదు, ముందు విను. నాన్న ఆపరేషన్‌కి వెళ్ళనంటున్నాడు.

… భయం కాదు. నువ్వు రావాలట.

… నువ్వే. నీ మొహం చూశాకే సంతకం పెడతాడట. వాళ్ళిచ్చిన బట్టలు కూడా మార్చుకోలేదు. నర్సు బతిమాలింది, డాక్టరు కసిరాడు, మీ బావ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని బుజ్జగించాడు. ఊహూఁ. "వాడొస్తాడు, వాణ్ణొక్కసారి చూసి వెళ్తా" అంటాడు. మళ్ళీ లేస్తానో లేదోనని ఆయన లోపల అనుకుంటున్నాడు. పైకి అనడు.

… ఆరున్నరకి థియేటర్ మనకిచ్చారు. ఇవాళ తప్పితే మళ్ళీ సోమవారమే. అంతదాకా విరిగిన తుంటితో అలా పడుకుంటే ఊపిరితిత్తులకి నెమ్ము చేరుతుంది, ఈ వయసులో ఆట కాదు అన్నాడు డాక్టరు. ఆ మాట కూడా పెట్టాను మెసేజ్‌లో. దానికి బొమ్మ కూడా పంపలేదు నువ్వు.

… మీటింగా.

… అవును, నాన్న కూడా అదే చెబుతున్నాడు పక్క మంచం ఆయనతో. మావాడిది పెద్ద ఉద్యోగం, ఊపిరి తీసుకోడానికి ఖాళీ ఉండదు, అయినా వస్తాడు అని. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలెత్తి చూస్తున్నాడురా. పక్కకి తిరగలేడు, తల ఒక్కటే ఎత్తుతాడు. మళ్ళీ దిండు మీద పెట్టేస్తాడు.

… హలో? … వింటున్నావా?

… ఎవరది? నీ వెనక ఎవరో మాట్లాడుతున్నారు. … "సార్, గోడకి తగిలించేదా, స్టాండుదా" అంటున్నాడు.

… ఎక్కడున్నావురా నువ్వు?

… మీటింగ్‌లో గోడకి తగిలించేది ఏముంటుంది?

… టీవీ. … టీవీ షాపులో ఉన్నావు. … ఇంట్లో ఉన్న టీవీకేమైంది? … ఏమీ కాలేదు. బాగానే ఉంది. … అయినా ఇంకోటి.

… హాస్పిటల్ బిల్లు దొరక్కపోతే అదన్నమాట. నాన్న తుంటి, లేకపోతే టీవీ.

ఛీ.

… ఆ, అన్నాను. మళ్ళీ అంటాను. ఛీ.

… నాకు అర్థం కాదా? నాకెందుకర్థం కాదురా, ఏడాదిగా చూస్తున్నా నీ వేషాలు. హోటల్లో అందరికంటే ముందు లేచి బిల్లు లాక్కున్నావు. మీ బావ పిచ్చిమారాజు, మా బావమరిది మనసు వెన్న అని దారంతా మురిసిపోయాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపు నీ మెసేజ్ — "బావా, నీ వాటా". … పిల్లలిద్దరికీ కూడా వాటా వేశావు. చిన్నది ఆ రోజు ఐస్‌క్రీం తప్ప ఏమీ ముట్టలేదు.

… టికెట్ కొని ఎయిర్‌పోర్టుకెళ్ళి, ఆ లాంజో ఏదో, కార్డు చూపిస్తే కూర్చోనిచ్చే గది, అందులో కూర్చుని ఊరికే ఇచ్చే సూపు తాగి, టికెట్ క్యాన్సిల్ చేసుకుని ఇంటికొచ్చావు. విమానం ఎక్కకుండా ఎయిర్‌పోర్టులో భోంచేసి వచ్చినవాడు మన ఇంటావంటా లేడు. నీ పెళ్ళాం చెబుతుంటే నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

… ఆ నల్ల కార్డుతో ఇంకేమొస్తుంది? … గోల్ఫా? … ఒరేయ్, నువ్వు గోళీలాడితేనే ఎదుటివాడి కంట్లో కొట్టావు.

… పక్కింటాయన పోయిన రోజు గుర్తుందా? అందరూ ఏడుస్తుంటే నువ్వు అంబులెన్స్ అతని ముందు నిలబడి కార్డు తీసుకుంటారా అనడిగావు. నేను నీ వెనకే ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ అంబులెన్స్‌లో నేనెక్కేద్దామా అనిపించింది.

… సాయం చేద్దామనా. ఆ, సాయమే. మూడోరోజే వాళ్ళబ్బాయి దగ్గర వసూలు చేసుకున్న సాయం.

…

… ఎవరు? … మీ ఆఫీసులో ఎదురు సీటాయనా? … ఆయనకుందా ఆ కార్డు. … టేబుల్ మీద పడేస్తే ఠంగుమంటుంది. … నీది పడేస్తే చప్పుడు రాలేదు. … అందరి ముందూ నవ్వాడా. … "ఇది లైబ్రరీ కార్డా" అన్నాడా.

… ఊఁ.

… అది బాధే. కాదనను. పదిమందిలో అలా అంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. … కానీ వాడెవడో నవ్వాడని నువ్వు ఏడాదంతా ఇలా అడుక్కుతిన్నట్టు బిల్లులు ఏరుకుని తిరిగావు చూడూ, అది తెలిస్తే వాడు ఇంకా నవ్వుతాడు. నేనైనా నవ్వుతాను.

… సరే, సరే. ఆ టీవీ అక్కడే వదిలెయ్. వచ్చి నాన్న బిల్లు నువ్వే కట్టు. కొడుకువి, కడితే ఆయన ఛాతీ విప్పారుతుంది. నేను కట్టాలనుకున్నాను, నువ్వు కడతానంటే అడ్డం రాను. రా, నీ కార్డు గీకు.

… ఆఁ?

… ఏమన్నావు, మళ్ళీ చెప్పు.

… నువ్వు గీకితే, ఆ డబ్బు నేను నీకు పంపాలా?

… సగమా?

… మొత్తమా!

… లేదురా. నవ్వట్లేదు. … ఏడవట్లేదు కూడా. నీకోసం ఏడిచేంత ఓపిక లేదు నాకు.

… నీ చేతిలో అంత లేదా. … వచ్చే నెల కార్డు వాళ్ళకి కట్టాలి కదా, అవును మరి. … నా డబ్బు, నీ పేరు. నాన్న ఎముక, నీ పాయింట్లు. బాగా కుదిరింది. … 

నాకు డబ్బు లెక్క కాదు. ఆయన నా దగ్గరుంటాడు, ఆయన ఖర్చు నాదే. ఆయన నాకు ఏనాడూ బరువనిపించలేదు. నువ్వే బరువురా. ఇంత తేలికైన మనిషివి, ఎలా ఇంత బరువయ్యావో!

… రేపొస్తావా? … రేపు దేనికి? … ఇవాళ ఫోన్లోనే కట్టేస్తావా. … లింకా? … లింకు పంపిస్తే అక్కణ్ణుంచే కట్టొచ్చా? … నాకేం తెలుసు. ఉండు, బిల్లు కౌంటర్ అమ్మాయి ఇటే వస్తోంది, అడుగుతా. లైన్లోనే ఉండు.

— అమ్మాయ్, ఒక్క నిమిషం. మూడో అంతస్తు, తుంటి ఆపరేషన్, పెద్దాయన. … ఆ, ఆయన కూతుర్నే. ఈ బిల్లు కార్డు మీద కట్టాలంటే మనిషి రావాలా? … అక్కర్లేదా? … ఫోన్‌కి లింకు పంపితే చాలా? … ఎక్కడున్నా కట్టొచ్చా…

కాస్త పక్కకి రామ్మా. ఫోను మూసి పట్టుకున్నా, వాడికి వినపడదు. … ఆ లింకు పంపకు. … ఎవరు నెంబరిచ్చి అడిగినా పంపకు. మా తమ్ముడు ఇక్కడికి ఫోన్ చేసి అడుగుతాడు. మనిషి రావాల్సిందే, కార్డు చేత్తో పట్టుకుని రావాల్సిందే అని చెప్పు. … ఏమీ కాదు, నీకేం మాట రాదు. … ఆ పెద్దాయన తల ఎత్తి చూడ్డం నువ్వూ చూశావుగా పొద్దున్న. … బంగారు తల్లివి. వెళ్ళు. —

హలో. ఉన్నావా? … అడిగాను. కుదరదట.

… లింకులూ గింకులూ లేవట. పెద్ద బిల్లు కదా, కార్డున్న మనిషే కార్డు పట్టుకుని రావాలట. … ఏమో, వాళ్ళ పద్ధతి. … చేసుకో, అనుమానముంటే ఫోన్ చేసి అడుగు. అదే చెబుతారు.

… డబ్బు పంపుతాను. … మొత్తం. … ఆ, మొత్తమే. నువ్వు గీకిన మరునిమిషం పంపుతాను. నా పిల్లల మీదొట్టు. చాలా?

… కానీ ఆరులోపు రావాలి. … ఎందుకంటే, డబ్బు కడితేనే లోపలికి తీసుకెళ్తారు. … ఆరు దాటితే నేనే కట్టేస్తా. అప్పుడు నీ టీవీ నువ్వు కొనుక్కో.

… ఎంత దూరం? … అరగంటా? … అరగంట దూరంలో ఉండి, రెండ్రోజులు.

… ఏమీ లేదు. ఏమీ అనలేదు. బయల్దేరు.

… కౌంటర్ కిందే. కానీ ముందు పైకి రా. … బిల్లు కాగితం నాన్న దిండు కింద పెట్టాను. … నేను తేలేను, ఆయన్ని వదిలి కదలడానికి లేదు. మంచం దగ్గరికొచ్చి తీసుకో. … అవును, ముందు మూడో అంతస్తు, తర్వాత కౌంటర్.

… ఇంకోటి. వచ్చి కాగితం లాక్కుని పరిగెత్తకు. కాసేపు కూర్చో. ఆయన చెయ్యి పట్టుకో. … ఏం మాట్లాడాలా? … అదీ నేనే చెప్పాలా! బావున్నావా నాన్నా అను. ఏం కాదు నాన్నా అను. మీటింగ్ వదిలేసి వచ్చానను, ఎలాగూ ఇప్పటిదాకా అబద్ధమే కదా. ఆ కార్డు గోల మాత్రం ఆయన దగ్గర ఎత్తకు. … ఆయనకి తెలీదు కాబట్టి నీకింకా గౌరవముంది. ఉండనీ.

… ఉండు, పెట్టకు. వార్డులోకి వెళ్తున్నా. పిలుస్తున్నాడు. నువ్వు వినాలి. పెట్టకు.

— ఏంటి నాన్నా? … ఆ, ఫోన్ వాడిదే. … వస్తున్నాడు. … నిజంగా! బయల్దేరాడు. … మీటింగ్ మధ్యలో లేచి వచ్చేస్తున్నాడు. … ఏం కాదులే, ఉద్యోగం ఎక్కడికీ పోదు. … దేనికేంటి నాన్నా, నిన్ను చూడ్డానికి. నీకోసం కాకపోతే వాడికిక్కడేం పని?

… సిస్టర్, ఇలా రండి. ఆ ఆపరేషన్ కాగితం ఇమ్మంటున్నారు. … వాడు బయల్దేరాడుగా, ఇక సంతకం పెడతారట. … మెల్లిగా నాన్నా, కాగితం జారుతోంది. నేను పట్టుకుంటా. … ఆ బట్టలు కూడా తెండి సిస్టర్. … తల దువ్వాలా? … దువ్వుతా నాన్నా, దువ్వుతా. వాడొచ్చేసరికి దువ్వేస్తా. —

హలో. … విన్నావా?

… విన్నావు కదా. నవ్వుతున్నాడురా. పడిన దగ్గర్నుంచి ఇదే మొదటిసారి నవ్వడం.

… హలో? … ఉన్నావా? … మాట్లాడవేం?

… ఆ. చెప్పు. ఏదో అడగబోయావు. … పర్లేదు, అడుగు.

… ఏంటీ?

… కార్డుతో కడితే పైన ఎక్స్‌ట్రా ఏమన్నా పట్టుకుంటారా అనా?

…

… పట్టుకోరురా. ఏమీ పట్టుకోరు. నువ్వు రా.

పెట్టేస్తున్నా.