మొక్కజొన్న బస్తాల మీద నీలిమందు

ఇన్‌స్పెక్టర్‌గారూ, నా అసలు పేరు మీరు పైన రాసుకున్నారు. గోడౌన్‌లో అందరూ పెద్దక్క అంటారు. వయసు యాభై మూడు. గింజలు ఏరే ఆడవాళ్ల మీద పెత్తనం నాది. గోడౌన్ నా సొంత తమ్ముడిది. నా మీద ఫిర్యాదు ఇచ్చిందీ వాడే. మొక్కజొన్న బస్తాల్లో నీలిమందు పోశానని రాశాడట. పోశాను. అందులో అబద్ధం లేదు.

మా తమ్ముడికి వానంటే పడదు. తన గోడౌన్‌లో చుక్క నీరు పడనివ్వనని కనిపించిన వాడికల్లా చెప్పుకుంటాడు. పోయిన నెల మబ్బు పట్టగానే, డ్రయ్యర్‌లోంచి అప్పుడే దిగిన గింజలను వేడివేడిగానే బస్తాలకెత్తించాడు. పైన టార్పాలిన్ కప్పించి తాళ్లు బిగించాడు.

"కాస్త చల్లారనివ్వరా" అన్నాను.

"నువ్వు ఏరే పని చూసుకో అక్కా, కప్పే పని నేను చూసుకుంటా" అన్నాడు.

వాన చుక్క పడలేదు, నిజమే. గింజల ఆవిరి మాత్రం బయటికి పోయే దారి లేక లోపలే చెమ్మగా మిగిలింది.

మొన్న టార్పాలిన్ తీశాం. గోడవైపు వరుసలో బస్తా విప్పితే గింజలు ముద్దకట్టి ఉన్నాయి, మీద పచ్చటి బూజు. నా పక్కన కూర్చుని ఏరే ఆవిడకు ఒకటే తుమ్ములు. నమూనా పరీక్షకు పంపాం. ఈ ఉదయం ల్యాబ్ అమ్మాయి ఫోన్ చేసింది. బూజు విషం మోతాదు మించిపోయిందట. మనుషులకే కాదు, కోళ్లకు కూడా వేయొద్దంది. దులిపితే పోతుందా, వేయిస్తే పోతుందా అని మళ్లీ మళ్లీ అడిగాను. బూజు పోతుంది, విషం పోదు, లివర్ దెబ్బతింటుంది అంది.

పదింటికి లారీ వచ్చింది. సరుకు వెళ్లేది పసిపిల్లల పిండి చేసే మిల్లుకి. తమ్ముడు అప్పటికే ఆ వరుసంతా దులిపించి, కొత్త బస్తాల్లో పోయించి ఉంచాడు. ల్యాబ్ మాట చెప్పాను.

"వాళ్లు అలాగే భయపెడతారు. ఎలాగూ వేయించే కదా పిండి పడతారు, ఏం కాదులే" అన్నాడు.

వాడి కూతురు తొమ్మిది నెలల పాప. ఈమధ్యే పిండి ఉడికించి పెట్టడం మొదలుపెట్టారు.

"అయితే ఇది మన పాపకి పెట్టు" అన్నాను.

"మన పాపకి వేరే పిండి తెప్పిస్తున్నాగా" అన్నాడు.

అచ్చంగా ఇదే మాట, ఇన్‌స్పెక్టర్‌గారూ. లారీ డ్రైవర్ విన్నాడు, అతన్నీ అడగండి. నాకు ఒళ్లు మండింది. వాణ్ణి చంకనెత్తుకుని పెంచినదాన్ని నేను. గింజలు ఏరేటప్పుడు మేం వేసుకునే తెల్ల కోట్లకు పెట్టే నీలిమందు తెచ్చి బకెట్లో కలిపాను. బస్తాల మూతులు విప్పి పోశాను. ఆ వరుసలో ఒక్కటీ వదల్లేదు. మంచి సరుకు జోలికి పోలేదు, కావాలంటే వెళ్లి చూసుకోండి.

రాజీ పడమని తమ్ముడు కబురు పంపాడు. పడను. వాడి మీద ఎదురు కేసూ పెట్టను. ఒక్కటే అడుగుతున్నాను. ఆ బస్తాలను గోడౌన్‌లో వదలకండి, తెచ్చి మీ దగ్గర పెట్టుకోండి. వదిలితే నీలం కడిగించి ఆరబెడతాడు. మా తమ్ముడి సంగతి నాకు తెలుసు.

రాసింది చదివి వినిపించారు. ఒకచోట 'కోపంలో పోశాను' అని ఉంది. అది కొట్టేయించి 'తెలిసే పోశాను' అని రాయించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది. నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం)
పెద్దక్క