ప్రియ పేరు మీది స్టార్లు

పలాసకు అవతల ఒక ఊరి ప్రాథమిక పాఠశాల. బడి వదిలేశారు. మూడో తరగతి గదిలో ఇద్దరే మిగిలారు: ఇంగ్లీషు చెప్పే ఝాన్సీ టీచరు, జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి పని మధ్యలో పిలిపిస్తే వచ్చిన మంగ. మంగ కూతురు ప్రియ బయట వరండాలో కూర్చుని వెక్కుతోంది. టీచరుగారి కోపం పొద్దుటి నుంచీ అలాగే ఉంది.

“కూర్చోండి మంగమ్మా.”

“ఒద్దులెండి టీచరమ్మా. బట్టలనిండా జీడి మరకలు. మీ కుర్సీకి అంటుకుంతాయి.”

“మరకలకేం గానీ, ఈ ట్యాబులో చూడండి. ఇది మీ ప్రియ పేరు. పక్కన ఎంతుందో తెలుసా?”

“నాకు సదవడం రాదు గదమ్మా.”

“నాలుగు వందల పన్నెండు స్టార్లు. ఇంటిదగ్గర ఫోన్లో ఆడించమని ఇంగ్లీషు మాటల ఆట ఒకటి ఎక్కించి ఇచ్చాను కదా? అందులో మండలం మొత్తానికి మీ పిల్లే ఫస్టు.”

“అమ్మోరి దయ.”

“దయా లేదు, గియా లేదు. అదే ఆట ఇవాళ నా ముందు ఆడమన్నాను. బొమ్మ వస్తుంది, కింద నాలుగు మాటలుంటాయి, సరైనది నొక్కాలి. అంతే! కుండ బొమ్మ వస్తే పిల్లి అని నొక్కింది. గొడుగు వస్తే మళ్ళీ పిల్లే. పదింటికి పదీ తప్పు.”

“బయపడిపోనాదేమో. మీరు పక్కన నిలబడితే...”

“నేనేమైనా పులినా?”

“అలగని కాదమ్మా.”

“శుక్రవారం టెక్కలి నుంచి పెద్ద సార్లొస్తున్నారు. ఫస్టొచ్చిన పిల్ల అందరి ముందూ ఆడి చూపించాలి. పేరు రాసి పంపింది నేను. ఫోటో పంపింది నేను. అక్కడ ఇది కుండకీ గొడుగుకీ పిల్లి పిల్లి అని నొక్కితే ఏమంటారు? టీచరే కూర్చుని నొక్కుకుందంటారు. నా ముఖం ఎక్కడ పెట్టుకోను?”

“మీరెందుకు నొక్కుతారమ్మా, మీకేటి పని?”

“అదే అడుగుతున్నాను. మీ ఇంట్లో ఎవరు నొక్కుతున్నారు?”

“ప్రియే.”

“మంగమ్మా.”

“ప్రియేనమ్మా. ఇంకెవులుంతారు?”

“మీరు కాదు కదా?”

“నానా! నా ఏళ్ళు సూడండి. జీడి రసానికి తోలంతా లేసిపోనాది. రేసను బియ్యానికెల్తే ఏలిముద్ర మిసను నా ఏలు పట్టదు. ఫోనొచ్చిందంటే ఎత్తడానికే నాలుగుసార్లు గీకాల. నాకు ఇంగ్లీసాటలేటి?”

“మరి వాళ్ళ నాన్న?”

“మద్రాసులో కట్టుబడి పనికెల్లి నాలుగు నెల్లయింది. ఆయన ఫోను ఆయన కాడే ఉంది.”

“సరే. ఈ టైములు చదువుతాను, వినండి. సోమవారం పదిన్నర. మంగళవారం పన్నెండు. నిన్న పదకొండు నుంచి ఒంటిగంట దాకా. ఆ టైములో ప్రియ ఇక్కడ, నా ఎదురుగా ఉంది. హాజరు నేనే వేశాను. మీరు ఫ్యాక్టరీలో ఉన్నారు. ఫోను మీ ఇంట్లో దానంతటదే ఆడుకుంటోందా? చెప్పండి.”

“మాయత్త ఉంతాది ఇంటికాడ.”

“మీ అత్తగారికి కళ్ళాపరేషనని మొన్న ప్రియకి సెలవడిగారు కదా?”

“అడిగినాను.”

“మరి?”

“పక్కింటి గుంటలు వత్తారు, ఆలేటైనా...”

“పక్కింటి పిల్లలు కూడా బడిలోనే ఉంటారు మంగమ్మా! ఎందుకు ఇన్ని తిప్పలు పెడుతున్నారు నన్ను?”

“పోనీ ఆ ఆట తీసీండమ్మా. స్టార్లూ తీసీండి. మాకొద్దు.”

“తీసేయడానికేం, ఒక్క నొక్కు. శుక్రవారం నాడు మీరొచ్చి నిలబడతారా నా బదులు? ఇరవై ఆరుమంది పిల్లలు. పదిమంది ఇళ్ళల్లో సిగ్నల్ లేదు. మిగతావాళ్ళకి ఫోను చేతికొస్తే వీడియోలు. రోజూ సాయంత్రం ఇంటికెళ్ళి ఈ ట్యాబు తెరిచి, ఒక్క ప్రియైనా నేర్చుకుంటోందని సంబరపడ్డాను. మా ఆయనకి చూపించాను. మా అత్తగారికి చూపించాను. పిచ్చిదాన్ని!”

“మీరలగ అనుకోకండమ్మా.”

“ఇంకెలా అనుకోమంటావు? రెండు నెలలు చెప్పాను. పాడి చెప్పాను, ఆడి చెప్పాను, బొమ్మలు కత్తిరించి గోడకి అంటించి చెప్పాను. దీని బుర్రకి ఇంగ్లీషు ఎక్కదు మంగా. బెంచీ అరగదీయడం తప్ప ఏం లేదు. నీతోపాటు తీసుకుపో. నాలుగు జీడిపిక్కలు కొట్టడమైనా వస్తుంది.”

“రేపట్నుంచి తీసుకెల్లిపోమంటారా?”

“ఏంటి?”

“రేపు ఫ్యాక్టరీకి తెమ్మంటారా, వారం పోనాకా? మేస్త్రీకి ముందు సెప్పాల.”

“అయ్యో, నిజంగా తీసుకుపోతావా ఏంటి? నోటికొచ్చింది, అన్నాను. కోపంలో అంటాం, ఎవరైనా అంటారు.”

“కోపంలోనా.”

“అవును మరి. కోపం రాదా?”

“అప్పుడు మీరు ఇలగే అన్నారమ్మా. ఇదే గది. అటుపక్క కిటికీ కాడ నిలబడ్డారు.”

“ఎప్పుడు? ప్రియని నేనెప్పుడూ అనలేదే.”

“ప్రియని కాదు. గౌరిని. దీని అప్పని.”

“గౌరి... ప్రియ వాళ్ళక్క. వెనక బెంచీలో కూర్చునేది. అడిగితే నోరు విప్పేది కాదు. ఐదో తరగతి. ఆ గౌరేనా?”

“ఆ గౌరే.”

“ఈపాటికి హైస్కూల్లో ఉండాలి కదా. ఎనిమిదా?”

“హైస్కూల్లో ఎయ్యనేదమ్మా.”

“ఎయ్యకపోవడమేంటి? మూడేళ్ళనుంచి ఎక్కడుంది?”

“ఇంటికాడే. పప్పు బస్తా తెచ్చి పడేత్తాను, కూకుని పొట్టు తీత్తాది. మద్దిలో మద్దిలో సేతులు తుడుసుకుని ఫోను నొక్కుతాది. ఒగ్గమంటే ఒగ్గదు. ఆ స్టార్లన్నీ దానివే. బడీడు పిల్లని ఇంటికాడ కూకోబెట్టినానని మీరు కేకలేత్తారని, ఇందాకట్నుంచి సెప్పనేదు.”

“నాలుగు వందల పన్నెండూ... గౌరివా?”

“దానివేనమ్మా. సీకటిపడితే ప్రియని కూకోబెట్టి నేర్పుదామంటాది. ఇది వినదు, ఆటలకి పారిపోతాది. నాను గౌరినే తిట్టినాను. ‘నీకు రాదని టీచరమ్మ సెప్పీసినారు గదే, మల్లీ ఎందుకే నీకా ఇంగ్లీసు’ అని.”

“ఏమంది?”

“ఏటీ అన్నేదు. బొమ్మ సూపించి మాట నొక్కింది. ఫోను టింగుమంది. నాకేసి సూసి నవ్వింది.”

“నేను... మానిపించమన్నానా మంగా? ఆ మాటే అన్నానా?”

“ఐదో తరగతి ఆకరి రోజు నన్ను పిలిసి, ‘దీనికి సదువబ్బదు, నీతోపాటు తీసుకుపో, నాలుగు జీడిపిక్కలు కొట్టడమైనా వస్తుంది’ అన్నారు. నాను దండం ఎట్టి ఎల్లిపోనాను.”

“అది కూడా కోపంలో అన్న మాటే మంగా. ఒట్టు. అది కూడా కోపమే.”

“కోపమా టీచరమ్మా? నాను నిజమనుకుని, ఆ సాయంత్రమే దాని పుస్తకాలన్నీ పొయ్యిలో ఎట్టీసినాను.”