పంపకాల్లో మా అవ్వ

"అవ్వా, దోహాలో ఆస్తి పంచుకునేటప్పుడు నిన్ను గూడా పంచుకున్నారంట గదా. ఏ పక్కన నిలబెట్టినారు నిన్ను, ఒంటెల పక్కనా, కార్ల పక్కనా?"

ఎవరు చెప్పినారే నీకు? మీ అమ్మేనా? దాని నోరు ఒక చోట ఉంటే గదా. నగు, నగు, నీకేం. ఆ పొద్దు నువ్వు మీ అమ్మ కడుపులో ఏడో నెల.

దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో పెద్ద ఇల్లు, నేను వంటకు. మన కడప ఆడోళ్లంతా కువైట్‌కు పోతాంటే నేను ఖతర్‌లో పడినాను. అంటే, ఏజెంటు కువైట్ అనే చెప్పినాడులే, విమానం దిగినాక తెలిసె. అది వేరే కత. ఆ ఇంటి పెద్దాయన్ను బాబా అంటాం. మంచోడు. మంచోడంటే... కొట్టడు, జీతం ఆపడు, పాస్‌పోర్టు మాత్రం తన ఇనప బీరువాలో పెట్టి తాళమేసుకుంటాడు. ఆ కాలంలో దాన్నే మంచోడు అనేటోళ్లం. మీ అమ్మ తొలికాన్పుకు ఇంటికి పంపిస్తానని నాకు మాట ఇచ్చినాడు. ఇచ్చిన వారానికే పోయినాడు పాపం.

తొలికాన్పు పుట్టింట్లోనే గదా మనకు. తల్లి లేని పుట్టిల్లు ఏం పుట్టిల్లు? మీ తాత ఉండె అనుకో, ఆయనకు నీళ్లు కాంచను గూడా రాదు.

సరే, బాబా బిడ్డలు ముగ్గురు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. బాగనే ఏడ్చినారు, లేదనను. కండ్లు తుడుచుకుని పంపకాలకు కూర్చున్నారు. కొడుక్కు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు, అది వాళ్ల లెక్క. ఇండ్లు అయిపోయె, ఖర్జూరం తోట అయిపోయె, ఒంటెలు అయిపోయె. వేటడేగ ఒకటే ఉండె, దాని కోసం అన్నదమ్ములు మాటలు మానేసిరి. కడాకు అది పెద్దోడికి పోయె. ఆ తర్వాత నేను.

నేనేమో టీ పోస్తాండా. నాకు అరబ్బీ రాదనుకున్నారు. రెండేండ్లు వాళ్ల తిట్లు తిన్నాక రాకుండా యాడికి పోతుంది?

"ఈమె మాదిరి మజ్బూస్ ఎవరూ వండరు, నాకు కావాల" అని పెద్దోడు. మజ్బూస్ అంటే ఏం లేదు, కారం మరిచిపోయిన బిర్యానీ.

"డేగ నీకొచ్చె, వంటమనిషి నాకు రావాల" అని చిన్నోడు. డేగకు సాటి నేను, చూడు! దానికేమో ఏసీ రూము, నాకు వంటింటి ఎనక కొట్టిడి.

కూతురు ఏమనింది తెల్సునా? "నా పాలు సగమే గదా, పొద్దుటి పూట మాత్రం నాకు పంపండి చాలు" అని.

నేను టీ కూజా కింద పెట్టి, అరబ్బీలోనే, "బాబా నన్ను ఇంటికి పంపిస్తానన్నాడు, నా పాస్‌పోర్టు ఇయ్యండి" అన్నా. గోడ మాట్లాడినట్ల ఉలిక్కిపడిరి ముగ్గురూ. పంపకాలు తేలేదాకా బీరువాలోది ఏదీ బయటికి తీయకూడదంట, పెద్దోడు చెప్పినాడు. అంటే నా పాస్‌పోర్టు సచ్చిపోయినాయన ఆస్తి! వాళ్ల సంతకం లేంది విమానం ఎక్కనీరు ఆడ.

ఆ ఇంట్లో మబ్రూకా అని ఒక ముసలామె ఉండె. వాళ్లమ్మను ఆఫ్రికా నుంచి తెచ్చి అమ్మినారంట. ఈమె బాబా వాళ్ల నాయన ఇంట్లోనే బానిసగా పుట్టింది. జీతం మనిషి కాదే, కొనుక్కున్న మనిషి. ఈమె వయసులో ఉన్నప్పుడు సర్కారు బానిసలందర్నీ విడిపించి, దానికి దుడ్లు గూడా ఇచ్చిందంట. ఎవరికనుకుంటివి? ఆమెకు కాదు, యజమానికి! అదీ మన రూపాయల్లో. అప్పుడు ఆ దేశంలో మన రూపాయే నడిచేదంట. ఇది చెప్పి మబ్రూకా పొట్ట పట్టుకుని నగేది. "మీ దేశం నోట్లతో నన్ను వదిలినారు. నువ్వు నోట్ల కోసం వచ్చి అదే ఇంట్లో తగులుకుంటివి" అని నన్ను ఎగతాళి.

వదిలితే మాత్రం యాడికి పోతుంది? ఆడనే ఉండిపోయె. ఆ ముగ్గుర్నీ ఎత్తుకుని పెంచింది ఆమే. పెండ్లి లేదు, బిడ్డల్లేరు. నజ్మా అనే పేటలో సర్కారు ఇచ్చిన ఇల్లొకటి ఉంటే బాడుగకు ఇచ్చుకునింది. ఇంగ ఈడ విను. వాళ్ల పద్ధతిలో, విడుదలైన మనిషి వారసులు లేకుండా పోతే, ఆస్తి పాత యజమాని ఇంటి మగపిల్లలకు పోతుందంట. ఆడపిల్లలకు లేదు. వదిలినట్టే వదిలి కొంగు పట్టుకునే ఉండారు! నజ్మా ఇల్లేమో రోడ్డు మిందికి, కింద అంగళ్లు. దాంతో అన్నదమ్ములకు ఆమె మింద ప్రేమ పొంగిపొర్లె. చిన్నోడు దానిమ్మకాయలు తెస్తాడు, పెద్దోడు డాక్టర్ని తెస్తాడు. ఆమె దగ్గితే చాలు, ఇద్దరూ తొంగి చూస్తారు. ఎందుకు చూస్తారో ఆమెకు తెల్సు. ఊరికే దగ్గేది.

నేను వంటింట్లో ఏడుస్తాంటే చూసింది. కర్ర పట్టుకుని ముగ్గురూ కూర్చున్న గదిలోకి పోయె. నేను తలుపు చాటున.

"అబ్బాయిలూ, నజ్మా ఇల్లు మసీదుకు ఇచ్చేద్దామనుకుంటాండా" అనింది.

పెద్దోడు దిగ్గున లేచె. "ఎందుకమ్మా? ఎవరేమన్నారు నిన్ను?"

"ఎవరూ ఏమనలే నాయనా. ఈ వంటమ్మికి మీ నాయన మాట ఇచ్చినాడు. మీరు ఆ మాట గూడా బీరువాలో పెట్టి తాళమేస్తిరి. రేపు పైకి పోయినాక మీ నాయన అడిగితే నేనేం చెప్పాల? దానం చేస్తే అన్నా నా మనసు కుదుటపడుతుందేమో."

కూతురు ఒక్కతే కిసుక్కున నగె. ఆమెకు ఆ ఇంట్లో భాగం లేదు గదా, నగడానికేం.

తీయకూడని బీరువా మాపటికే తెరుచుకునె! పెద్దోడు సంతకం పెట్టె, చిన్నోడు టికెట్ తెచ్చె. మళ్లా ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు పోయి "పంపించింది నేనే" అని మబ్రూకా చెవిలో ఊదిరి.

నేను బయల్దేరే పొద్దు మబ్రూకా కాళ్లు మొక్కబోతే వంగనీలే. "నా కోసం ఇల్లు వాళ్లకు వదులుకుంటివే అమ్మా" అని ఏడ్చినా. నా చెవి పట్టి దగ్గరికి లాగింది.

"పిచ్చిదానా, అది మసీదుకు ఇచ్చి ఎన్నో ఏండ్లాయె. నేను బతికినన్నాళ్లు బాడుగ నాది, తర్వాత మసీదుది. ఇమాముకు తెల్సు, నాకు తెల్సు. వీళ్లకెందుకు చెప్తా? చెప్తే దానిమ్మకాయలు ఎవరు తెస్తారు?"

అదీ సంగతి. నేను వచ్చినాకనే నువ్వు పుట్టినావు, తొలి నీళ్లు పోసింది నేనే. సల్లగా ఉండు తల్లీ. ఎన్ని దేశాలైనా తిరుగు, నీ పాస్‌పోర్టు నీ సంచిలో పెట్టుకుని తిరుగు... ఇంగ ఆపు ఆ ఫోను, అంతా ఎక్కించుకుంటాండావా ఏంది...